నాలుగు చప్పుళ్ల ఇంజన్, రెండు గుంటూరు ప్రయాణాలు

మా పొదిలికి రైలు వస్తుందని నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. ఎదురుచూసి విసిగిపోయాడేమో, మా తాతయ్య ఇంట్లోనే ఒక ఆవిరి ఇంజన్ తయారుచేసుకున్నాడు. రెండు మూరల పొడవు, ఇరవై ఎనిమిది కిలోల బరువు. రాగి బాయిలరు, ఇత్తడి గొట్టాలు, పోతపోసిన ఇనుప చక్రాలు. దాన్ని బొమ్మ అంటే ఆయన ఊరుకోడు.

“బొమ్మకి కీ ఇస్తే తిరుగుద్ది. దీనికి నీళ్లు పొయ్యాలి, బొగ్గెయ్యాలి, పొద్దున్నుంచీ బతిమాలాలి,” అంటాడు.

“అయితే మావయ్య కూడా ఇంజనే,” అన్నాను ఒకసారి. అమ్మమ్మ నవ్వింది. మావయ్య నవ్వలేదు.

తాతయ్య రైల్వేలో లోకోషెడ్డు ఫిట్టరు. చేరిన కొత్తలో అన్నీ ఆవిరి ఇంజన్లే. తర్వాత డీజిళ్లొచ్చాయి, కరెంటు ఇంజన్లొచ్చాయి, పెన్షనొచ్చింది. పెన్షనొచ్చిన కొన్నాళ్లకి పెరటి రేకుల షెడ్డులో చిన్న లేతు మిషను పెట్టుకుని ఈ ఇంజన్ మొదలుపెట్టాడు. నేను మూడో తరగతిలో ఉండగా మొదటి చక్రం చూశాను. నాకు మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా వచ్చేసరికి ఆయన ఆఖరి బోల్టు బిగించాడు. మా ఇద్దరిలో ఇంజనీరు ఎవరన్నది ఇంట్లో ఎవరికీ సందేహం లేదు.

ఇంజన్ పూర్తయ్యాక ఆయనకి ఒకే ఒక్క కోరిక మిగిలింది. గుంటూరులో ఉన్న డ్రైవరు గారు దాని చప్పుడు వినాలి.

డ్రైవరు గారంటే ఒకప్పుడు తాతయ్య బాగుచేసిన ఇంజన్లని షెడ్డులోంచి బయటికి నడిపిన పెద్దాయన. ఎనభై దాటి చాలా ఏళ్లయింది. చూపు దాదాపు పోయింది కానీ చెవులు మాత్రం పక్క ఫ్లాటులో చెంచా పడినా ఏ చెంచానో చెప్పేలా ఉన్నాయి. ఆవిరి ఇంజన్ చక్రం ఒక చుట్టు తిరిగితే పొగగొట్టంలోంచి నాలుగు చప్పుళ్లు రావాలి. నాలుగూ ఒకే ఎడంలో, ఒకే బరువుతో పడాలి. లోపలికి ఆవిరి వదిలే వాల్వులు వెంట్రుకవాసి అటూ ఇటూ అయినా చప్పుడు తప్పుతుంది. డ్రైవరు గారు షెడ్డు గేటు దాటేలోపు ఆ నాలుగూ విని తీర్పు చెప్పేవారట. తాతయ్య సర్వీసు మొత్తంలో ఆయన నోట విన్న అతి పెద్ద మెచ్చుకోలు “పర్లేదు”. ఒకసారి “ఊఁ” అన్నారట. అది మెచ్చుకోలో, గొంతు సవరించుకోవడమో తాతయ్యకి ఇప్పటికీ తేలలేదు.

పొదిలి నుంచి గుంటూరుకి కారులో మూడు గంటల పైన పడుతుంది. డ్రైవరు గారు అంతదూరం రాలేరు. కాబట్టి ఇంజనే వెళ్లాలి.

మొదటి ప్రయాణానికి ప్యాకింగ్ నేను చూసుకుంటానన్నాను. తాతయ్య వద్దనలేదు. ఆయన ధ్యాస అక్కడ లేదు. డ్రైవరు గారి ముందు కాస్త మనిషిలా కనబడాలని ఆ పొద్దున కటింగ్ షాపుకి వెళ్లాడు. చూపు సరిగా లేని మనిషి కోసం కటింగ్ ఎందుకని నేను అడగలేదు. అప్పుడప్పుడు నేను కూడా నోరు మూసుకుంటాను.

అది పత్తి తీతల కాలం. మా మావయ్యకి చింతల చెరువు పొలంలో పత్తి, ఊరి పక్కన మిర్చి. తీసిన పత్తి అమ్మేదాకా పోసుకోవడానికి వేరే చోటు లేక ఇంట్లో ముందుగది నిండా పోశాడు. తలుపు తీస్తే మబ్బు. అది చూడగానే నాకు ప్యాకింగ్ సమస్య తీరిపోయింది. పెద్ద చెక్కపెట్టె తెచ్చి, సగం పత్తి నింపి, ఇంజన్ని పసిపిల్లలా పడుకోబెట్టి, పైన మిగతా పత్తి కప్పేశాను. ఇంతకన్నా మెత్తటి ప్రయాణం మా ఇంట్లో ఎవరూ చెయ్యలేదు. వీధిలో జనం వచ్చి చూశారు. “అబ్బో, రైలింజనే!” అని ఒకరు, “ఎన్నేళ్లు పట్టిందండీ?” అని ఒకరు. అమ్మమ్మ వాకిట్లో నిలబడి ఎవరెవరు చూస్తున్నారో లెక్కపెట్టుకుంది. ఆ లెక్క తర్వాత పనికొచ్చింది.

మావయ్య కారు నడిపాడు. అద్దంకి దాటాక ఒక స్పీడ్ బ్రేకరుంది. ఉందని మాకు దాని మీదకి ఎక్కాక తెలిసింది. డిక్కీలోంచి “ధన్” అని ఒక చప్పుడు. తాతయ్య వెనక్కి తిరిగి డిక్కీ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. గుంటూరు వచ్చేదాకా మళ్లీ ఎటూ చూడలేదు.

పెట్టె తెరిస్తే ఇంజన్ పత్తిలో ఒక పక్కకి ఒరిగి హాయిగా నిద్రపోతోంది. పత్తి మెత్తగా ఉంటుంది కానీ ఇరవై ఎనిమిది కిలోలని నిలబెట్టదు. ఈ సంగతి మెకానికల్ ఇంజనీరింగ్‌లో నాలుగేళ్లు చెప్పలేదు. నూనె పూసిన ఇరుసుల చుట్టూ పత్తిపోగులు దారంలా చుట్టుకున్నాయి. బాయిలర్లో మిగిలిన నీళ్లు కారి కింది పత్తి ముద్దయింది. వాల్వుని కదిపే సన్న కడ్డీ ఒకటి కొంచెం వంగింది.

తాతయ్య గంటన్నర సేపు పట్టకారుతో పోగులు లాగాడు. కడ్డీని వీలైనంత సరిచేశాడు. తర్వాత ఆ అపార్టుమెంటు సెల్లార్లో పట్టాలు పరిచి, ఆవిరి పట్టి, నడిపాడు. డ్రైవరు గారు ప్లాస్టిక్ కుర్చీలో కళ్లు మూసుకుని విన్నారు.

“ఏమయ్యా ఫిట్టరూ, కుంటి గేదెని తోలుకొచ్చావేంటి?” అన్నారు. “మూడు పడుతున్నయ్యి. నాలుగోది ఆలోచిస్తంది.”

మావయ్య నవ్వబోయి దగ్గాడు. తాతయ్య నవ్వలేదు, దగ్గలేదు. “అవునండీ,” అని మంట దించేశాడు. ఇంటికొచ్చి విప్పి చూస్తే ఆలోచిస్తున్న ఆ నాలుగోదాన్లో, వాల్వు కడ్డీ సందులో ఒక పత్తిగింజ ఉంది. మా సొంత పొలంలో పండినదే. తాతయ్య దాన్ని సిగరెట్టు పెట్టెలో భద్రపరిచాడు. నేను ఎప్పుడైనా ఎక్కువ మాట్లాడితే ఆ పెట్టె తీసి ఒకసారి ఊపుతాడు.

కడ్డీ కొత్తది చెయ్యడానికి, తన కంటికి ఆపరేషను చేయించుకోవడానికి, మధ్యలో ఒక వానాకాలానికి కలిపి తాతయ్యకి ఏడాది పట్టింది. ఆ ఏడాదంతా ఇంజన్ని ఎక్కడ పెట్టాలన్నది మా ఇంట్లో పెద్ద చర్చ. పెరటి షెడ్డులో తేమ. ముందుగదిలో పత్తి, ఇంకెవరూ దాని పేరెత్తే ధైర్యం చెయ్యలేదు. వసారాలో మిర్చి బస్తాలు. ఆ కారం దుమ్ము ఇనుము మీద కూర్చుంటే తేమ పడుతుంది. మావయ్య ఒక ఉపాయం చెప్పాడు.

“నాన్నా, మన మిర్చి గుంటూరు కోల్డ్ స్టోరేజీలో పెడతన్నాంగా. ఏడాదైనా రంగు పోదు. ఇంజన్ కూడా అక్కడే పెడదాం. గుంటూర్లోనే ఉంటది, మోసే బాధ కూడా తప్పుద్ది.”

నిజం చెప్పాలంటే నాకు చాలా నచ్చింది. తాతయ్య ఫ్రిజ్‌లోంచి ఒక స్టీలు గ్లాసు తీసి బల్ల మీద పెట్టాడు. ఖాళీ గ్లాసే. మేం ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. మే నెల. రెండు నిమిషాల్లో గ్లాసుకి చెమట పట్టింది. మూడో నిమిషంలో బల్ల మీద నీళ్ల వలయం ఏర్పడింది.

“ఇదే ఇంజన్ అనుకో,” అన్నాడు తాతయ్య. “లోపలా బయటా ఇంతే. వారానికి తుప్పు.”

“మిర్చికి పట్టదుగా?” అన్నాడు మావయ్య.

“మిర్చికి తుప్పేం పడుద్దిరా?”

మావయ్య గ్లాసు తీసుకుని నీళ్లు పోసుకుని తాగేశాడు.

చివరికి ఇంజన్ తాతయ్య మంచం పక్కనే చేరింది. దానికో పద్ధతి. నడిపిన ప్రతిసారీ బాయిలరు ఇంకా వెచ్చగా ఉండగానే నీళ్లన్నీ వదిలెయ్యాలి, ఆ వేడికే లోపల ఆరిపోతుంది. పొయ్యిలో బూడిద ఒక్క రవ్వ ఉండకూడదు. బూడిద తేమ పీలిస్తే ఇనుముని తింటుంది. ఇనుప భాగాలకి పల్చగా నూనె. పైన ఉతికి ఉతికి పోగులు రాలడం మానేసిన పాత పంచె. తేమ పీల్చడానికి మందుసీసాల్లో వచ్చే చిన్న గుళికల పొట్లాలు. వాటికోసం బజారులో మందుల షాపు ఆయనకి చెప్పి పెట్టాడు. “ఇంట్లో అంత జబ్బు ఎవరికండీ?” అని ఆయన నన్ను దిగులుగా అడిగాడు. “ఇంజన్‌కి,” అన్నాను. అప్పటి నుంచి ఆయన నాతో ఎక్కువ మాట్లాడడం లేదు.

రెండో ప్రయాణానికి పెట్టె తాతయ్యే చేశాడు. కింద టేకు పలక, దాని మీద నిజం పట్టాలు. ఇంజన్ పట్టాల మీద నిటారుగా నిలబడుతుంది. ఇంజన్‌కి ముందూ వెనకా ఉన్న ఇనుప దూలాలకి ఆనించి చెక్క దిమ్మలు, దొర్లకుండా. స్ప్రింగుల మీద బరువు ఎగిరెగిరి పడకుండా కింద చట్రానికి ఆసరాగా మరో రెండు దిమ్మలు. బిగించే పట్టీ చట్రం మీదుగానే పోవాలి. కడ్డీలకీ గొట్టాలకీ ఏదీ తగలకూడదు. ఎత్తేటప్పుడు ఎక్కడ పట్టుకోవాలో ఎర్ర రంగుతో రెండు చోట్ల గుర్తులు పెట్టాడు. మిగతా చోట్ల ముట్టుకుంటే ఏమవుతుందో రాయలేదు కానీ తెలుస్తూనే ఉంది. అంతా అయ్యాక ఇంజన్ లేకుండా, దాని బదులు ఇరవై ఎనిమిది కిలోల మిర్చి తూచి పెట్టెలో కట్టి, మావయ్యతో ఊరు చుట్టూ కారు తిప్పించాడు. మిర్చి క్షేమంగా తిరిగొచ్చింది.

బయల్దేరే పొద్దున తాతయ్య తన చేత్తో ఇంజన్ని పెట్టెలో నిలబెట్టాడు. పొయ్యి తలుపు తెరిచి టార్చి వేసి చూశాడు. శుభ్రం. దిమ్మలు చూశాడు, పట్టీ లాగి చూశాడు. “ఇక మూత పెట్టడమే. కాఫీ తాగి పెడదాం,” అన్నాడు. అందరం వంటింటి వైపు వెళ్లాం. అమ్మమ్మ కాఫీ ఇచ్చి, “ఇప్పుడే వస్తా,” అని ముందువైపుకి వెళ్లింది. ఎవరూ పట్టించుకోలేదు. అరగంటలో కారు కదిలింది.

ఈసారి మావయ్య ఎంత నెమ్మదిగా నడిపాడంటే, మిర్చి బస్తాలు గోపురంలా కట్టుకుని యార్డుకి పోతున్న ట్రాక్టర్లు కూడా మమ్మల్ని దాటుకుపోయాయి. ఒక ట్రాక్టరాయన పక్కకొచ్చి, “ఏమైందన్నా, పంచరా?” అని అడిగాడు. అద్దంకి స్పీడ్ బ్రేకరు దగ్గర తాతయ్య కారు దిగి, ముందు నడుస్తూ, మమ్మల్ని చేత్తో పిలుచుకుంటూ దాటించాడు. చూసేవాళ్లు పెళ్లి ఊరేగింపేమో అనుకుని ఉంటారు. వరుడు డిక్కీలో ఉన్నాడు.

గుంటూరులో పెట్టె తెరిచాం. ఇంజన్ ఎక్కడ నిలబెట్టామో అక్కడే, వెంట్రుక కదలకుండా నిలబడి ఉంది. తాతయ్య వాల్వు కడ్డీల మీద వేలు పెట్టి చూసుకుని నా భుజం తట్టాడు. నేను చేసిందల్లా ఎర్ర గుర్తుల దగ్గర పట్టుకోవడమే. అయినా తట్టించుకున్నాను.

సెల్లార్లో బళ్లకి దూరంగా, ర్యాంపు పక్కన పట్టాలు పరిచాం. వాచ్‌మన్ ఇసుక బకెట్టు తెచ్చి పెట్టాడు. డ్రైవరు గారు అదే ప్లాస్టిక్ కుర్చీలో, మెడలో తువ్వాలుతో కూర్చున్నారు. కబురు తెలిసి అపార్టుమెంటు వాళ్లు ఒక పదిమంది దిగొచ్చారు. తాతయ్య పొయ్యి తలుపు దగ్గర కర్రపేళ్లు ముట్టించి, మీద కమ్మరి కొలిమి నుంచి తెచ్చిన రాక్షసి బొగ్గు పలుకులు వేశాడు. ఇరవై నిమిషాల్లో ఆవిరి పట్టింది. ఆవిరి మీటరు ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది.

“ఏమయ్యా, ఈసారి గేదెకి కాలు కుదిరిందా?” అన్నారు డ్రైవరు గారు.

“వినండి డ్రైవరు గారూ,” అన్నాడు తాతయ్య. ఆయన ఆవిరి పిడిని ముట్టుకుని, వదిలి, మళ్లీ పట్టుకోవడం చూసి నేను జోకు వెయ్యబోయి మానేశాను. రెండోసారి.

ఆవిరి వదిలాడు. ఇంజన్ కదిలింది. ఛక్. ఛక్. అప్పుడు అర్థమైంది, ఏదో తేడాగా ఉందని. చప్పుడులో కాదు. ముక్కులో.

ఆవిరి పొగగొట్టంలోంచి పోతుంటే ఆ గాలికి పొయ్యిలో మంట ముందుకి, లోపలి మూలకి పాకింది. ఆ మూల ఏముందో మంటకి దొరికింది. తర్వాతి చప్పుడుతో పొగగొట్టంలోంచి పచ్చి ఘాటు బయటికొచ్చింది. ఒక చప్పుడుకి ఒక దమ్ము. నలుగురు తుమ్మారు. ఆరుగురు దగ్గారు. ర్యాంపు మీంచి వచ్చే గాలి ఆ పొగని పట్టుకుని మెట్ల దారిలో పైకి తీసుకెళ్లింది. మొదటి అంతస్తులో కిటికీలు తెరుచుకున్నాయి. రెండో అంతస్తు నుంచి ఒక ఆవిడ అరిచింది.

“ఎవరండీ అది, తాలింపు మాడ్చింది?”

“మేం కాదండీ, మేం ఇవాళ పెరుగన్నమే!” అని పైనుంచి ఇంకెవరో.

సెల్లారు ఖాళీ అయిపోయింది. వాచ్‌మన్ బకెట్టు వదిలేసి గేటు బయట తేలాడు. మావయ్య మిర్చి రైతు. పుట్టినప్పటి నుంచీ కారంలో ఉన్న మనిషి. అందరికన్నా ముందు పరిగెత్తాడు. తాతయ్య కళ్లు తుడుచుకుంటూ ఆవిరి ఆపడానికి చెయ్యి చాచాడు. ఏడాది పని, ఇంత ప్రయాణం, ఇంజన్ నిక్షేపంగా ఉంది, వినేవాళ్లు మాత్రం లేరు.

“ఆపావంటే ఊరుకోను ఫిట్టరూ!” అని కేక. డ్రైవరు గారు కుర్చీలోంచి లేవలేదు. తువ్వాలు ముక్కుకి అదుముకుని, కళ్లు గట్టిగా మూసుకుని, రెండో చెయ్యి ఎత్తి వేళ్లు మడుస్తున్నారు. “లెక్కపెడతన్నా. నడవనీ.”

తాతయ్య చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇంజన్ పట్టాల ఆ చివరికి వెళ్లింది, ఈ చివరికి వచ్చింది. నేను చొక్కా ముక్కు మీదకి లాక్కుని స్తంభం వెనక నిలబడ్డాను. పారిపోకపోవడానికి ధైర్యం కారణం కాదు. కళ్లు కనబడక గేటు ఎటో తెలియలేదు. కళ్లు పోయాక చెవులు పనిచేస్తాయన్నది నిజమే. ఆ పొగలో నాక్కూడా మొదటిసారి వినబడింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆలోచించడం లేదు. ఏ ఒక్కటీ ఆలోచించడం లేదు.

మూడు రౌండ్లయ్యాక డ్రైవరు గారు చెయ్యి దించారు. ఇంజన్ ఆగింది. ఆయన చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. తాతయ్య చెంపల మీద కూడా.

“నాలుగూ సమానం,” అన్నారు డ్రైవరు గారు. తుమ్మారు. మళ్లీ అన్నారు. “బాగా చేశావయ్యా.”

తాతయ్య “చిత్తం” అని మాత్రం అన్నాడు. తర్వాత చాలాసేపు పొగగొట్టం తుడుస్తూ నిలబడ్డాడు. అక్కడ తుడవాల్సిందేమీ లేదు. ఆ నీళ్లు ఘాటు వల్లేనని తర్వాత ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు. నేను అడగలేదు.

మంట దించి, పట్టకారుతో పొయ్యి మూల వెతికితే నల్లబడ్డ మిరపతొడిమలు ఐదు దొరికాయి. వాటితోపాటు చిట్లిన రాళ్లుప్పు. తాతయ్య వాటిని అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఇంజన్ గుట్టు ఎరిగిన ఆ మనిషికి ఇల్లాలి గుట్టు ఎరగడానికి ఎంతోసేపు పట్టలేదు. “మీ అమ్మమ్మకి ఫోన్ కొట్టరా,” అన్నాడు.

స్పీకరు పెట్టాను. అమ్మమ్మ దాచలేదు.

“అవును, నేనే. పోయినసారి వీధిలో అంతమంది కళ్లు పడబట్టే కదా అది కుంటింది? దిష్టి తీసి ఎండుమిరపకాయలు నిప్పులో వెయ్యాలి. మన ఇంట్లో గ్యాసాయె, నిప్పెక్కడిది? దానికే పొయ్యుందిగా. అందులో పడేశా. ఎప్పుడు మండితే అప్పుడే కాలతయ్యని.”

“మావయ్య తేజా మిర్చేనా అమ్మమ్మా?”

“మరి? దాని స్థాయికి తగ్గట్టు ఉండాలిగా. ఇంతకీ ఘాటొచ్చిందా?”

“వచ్చింది. రెండో అంతస్తు దాకా.”

“అయితే దిష్టి లేదు,” అంది అమ్మమ్మ తృప్తిగా. మా వైపు లెక్క అది: కాల్చిన మిర్చి ఘాటు రాకపోతే దిష్టి తగిలినట్టు, వస్తే తగలనట్టు. “ఏం దిగులు పడొద్దని మీ తాతయ్యకి చెప్పు.”

“ఉప్పెందుకేశావే? ఇనుము తినేస్తది!” అని తాతయ్య అరిచాడు.

“మిరపకాయలతో ఉప్పు వెయ్యక పంచదార వేస్తారేంటండీ?” అని అమ్మమ్మ పెట్టేసింది.

ఈలోగా రెండో అంతస్తు ఆవిడ దిగొచ్చి, తాలింపు ఎవరిదో తేలకుండా వెళ్లనన్నట్టు నిలబడింది. డ్రైవరు గారు ఆమెకి, “ఇంజన్‌దమ్మా,” అని చెప్పారు. ఆమె ఇంజన్ని చూసి, మమ్మల్ని చూసి, “మజ్జిగ పంపిస్తానుండండి,” అని వెళ్లింది.

మజ్జిగ తాగాక తాతయ్య వెచ్చగా ఉండగానే బాయిలరు నీళ్లు వదిలాడు. పొయ్యిని తడిగుడ్డతో రెండుసార్లు, పొడిగుడ్డతో మూడుసార్లు, ఒక్క ఉప్పురవ్వ లేకుండా తుడిచాడు. నూనె పూశాడు. ఇంజన్ని పెట్టెలో నిలబెట్టి దిమ్మలు బిగించాడు. పట్టీ లాగి చూశాడు. తర్వాత జేబులోంచి పత్తిగింజ ఉన్న సిగరెట్టు పెట్టె తీసి, ఐదు తొడిమలూ అందులో వేసి, మూసి, ఒకసారి ఊపి చూసుకున్నాడు.

“మూత పెడదాం పట్టరా,” అన్నాడు.

“కాఫీ తాగి పెడదామా తాతయ్యా?” అన్నాను.

మూత పెట్టేశాకే కాఫీ తాగాం.